చెంచా వెనుక 1847

అమెరికాలో స్థిరపడిన ఒక పాఠకురాలు పాత సామాన్ల అంగడిలో కొన్న చెంచా ఫోటో పంపి, కాడ వెనుక ‘1847 రోజర్స్ బ్రదర్స్’ అని ఉన్నది కనుక అది 1847 నాటి వెండి చెంచాయేనా అని అడిగారు. అది అప్పటిది కానక్కరలేదు. వెండిది అసలే కాదు. కనెక్టికట్‌లోని హార్ట్‌ఫర్డ్‌లో రోజర్స్ సోదరులు విద్యుత్తుతో వెండి పూత వేయడం ప్రారంభించిన సంవత్సరం 1847. 1862లో వారి వ్యాపారం మెరిడెన్ బ్రిటానియా కంపెనీ చేతికి వచ్చింది. రోజర్స్ పేరు పెట్టుకున్న కంపెనీలు ఇంకా చాలా ఉండడం వల్ల, ఆ సంవత్సరమే ఈ ముద్రకు గుర్తింపుగా నిలిచింది. 1898లో ఏర్పడిన ఇంటర్నేషనల్ సిల్వర్ కంపెనీ ఇరవయ్యో శతాబ్దంలోనూ అదే అంకెను కొట్టింది.

చెంచా లోపలిది రాగి, నికెల్, జింకు కలిసిన మిశ్రలోహం. మన బజారులో జర్మన్ సిల్వర్ అనేది ఇదే. ఇందులో వెండి రవ్వంత కూడా ఉండదు.

దీనిని వెండి నైట్రేట్ ద్రావణంలో ముంచితే విద్యుత్తు లేకుండానే వెండి పేరుకుంటుంది, కానీ గుడ్డతో తుడిస్తే రాలిపోతుంది. తిరుమలలో కంపార్టుమెంట్ల తలుపులన్నీ ఒకేసారి తెరిచినట్టు, వెండి అయానులన్నీ, అంటే విద్యుదావేశం ఉన్న వెండి పరమాణువులన్నీ, మీద పడి ఎక్కడివక్కడ గుట్టలవుతాయి. బర్మింగ్‌హామ్ శస్త్రవైద్యుడు జాన్ రైట్ కనుగొన్న ఉపాయం, ఎల్కింగ్‌టన్ సంస్థ 1840లో పేటెంటు పొందినది, పొటాషియం సైనైడ్. అందులో ఒక్కొక్క వెండి అయానును రెండేసి సైనైడ్ అయానులు చెరొక వైపు పట్టుకుంటాయి. స్వేచ్ఛగా తిరిగే వెండి దాదాపు మిగలదు. విద్యుత్తు పిలిచినప్పుడే, పిలిచినన్నే వచ్చి సన్నని రేణువులుగా సర్దుకుంటాయి. పోలికను ఇంకొంచెం సాగదీస్తే, ధనధ్రువంగా వేలాడదీసిన వెండి పలక, క్యూ ఖాళీ కాకుండా కొత్త భక్తులను దింపే బస్సు వంటిది. వెండి చెంచా విషాన్ని పసిగడుతుందని నమ్మేవారు గమనించవలసింది, దానిని నల్లబరచేది ఈ సైనైడ్ కాదు, కోడిగుడ్డులోని గంధకం.

ఇక ‘క్వాడ్రపుల్ ప్లేట్’ అనే ముద్రకు నాలుగుసార్లు ముంచారని అర్థం కాదు. ఒక గ్రోసు, అంటే 144 టీ చెంచాలకు 2 ట్రాయ్ ఔన్సుల (సుమారు 62 గ్రాముల) వెండి పట్టిస్తే అది సాధారణ పూత. 8 ఔన్సులైతే క్వాడ్రపుల్. మొదటి లెక్కన చెంచాకు 0.43 గ్రాము, ఉపరితలం 40 చదరపు సెంటీమీటర్లనుకుంటే మందం సుమారు 10 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో నూరో వంతు. ఒక ఆంపియర్ ప్రవాహం సెకనుకు 1.118 మిల్లీగ్రాముల వెండిని దింపుతుంది. 1908లో విద్యుత్ ప్రమాణాల మీద జరిగిన లండన్ సమావేశం ఆంపియరుకు అప్పట్లో ఇచ్చిన నిర్వచనమే అది. ఆ లెక్కన సాధారణ పూతకు ఆరున్నర నిమిషాలు, క్వాడ్రపుల్‌కు 26 నిమిషాలు చాలు. కాడ వెనుక ముద్ర చెప్పేది, ఒక విధంగా, గడియారంలోని నిమిషాలనే.

చిక్కేమిటంటే, విద్యుత్తు అంచుల వద్ద ఎక్కువగా చేరుతుంది, కనుక పూత అక్కడ మందంగా పడుతుంది. అరిగేది మాత్రం బల్లకు ఆనే గుంట వెనుక భాగం. అందుకే బ్రిడ్జ్‌పోర్ట్‌లోని హోమ్స్ అండ్ ఎడ్వర్డ్స్ కంపెనీ ఆ చోట ముందుగానే అసలు వెండి ముక్కను పొదిగి, దాని మీద పూత వేసింది. పాఠకురాలి ఫోటోలో సరిగ్గా అక్కడే పసుపుపచ్చని మచ్చ కనిపిస్తోంది. అది మురికి కాదు, బయటపడిన జర్మన్ సిల్వర్.