మార్లో రహస్య జీవితం: నవల రాస్తుంటే ఎదురైన అపోహలు, వాస్తవాలు

షేక్‌స్పియర్ కాలపు ఇంగ్లీషు నాటకకర్త క్రిస్టొఫర్ మార్లో మీద నవల రాస్తున్నానంటే చాలు, అవతలివాళ్లే నాకు కథ చెప్పేస్తారు. ఎక్కువగా వినిపించేవి ఇవి.

అపోహ: తాగి, సారాకొట్లో గొడవపడి చనిపోయాడు.

వాస్తవం: నా మొదటి డ్రాఫ్టులో నేనూ ఇదే రాశాను. ఒలికిన బీరు, అరుపులు, పరిగెత్తే పనిపిల్ల! అతని చావు మీద జరిగిన విచారణ రికార్డు చదివాక ఆ పేజీలన్నీ చింపేశాను. 1593 మే 30న అతను చనిపోయింది డెట్‌ఫర్డ్‌లో, ఎలినార్ బుల్ అనే వితంతువు ఇంట్లో. పొద్దున పదింటికి మార్లో, అతన్ని పొడిచిన ఇన్‌గ్రమ్ ఫ్రైజర్, ఇంకో ఇద్దరు, మొత్తం నలుగురు కలుసుకున్నారు. భోంచేశారు, తోటలో తిరిగారు, సాయంత్రం ఆరింటికి లోపలికొచ్చి మళ్లీ భోంచేశారు. తిండి ఖర్చు లెక్క దగ్గర మాటామాటా పెరిగింది. మార్లో మంచం మీద పడుకుని ఉన్నాడు. ఫ్రైజర్ మంచానికి వీపు పెట్టి కూర్చున్నాడు, అతనికి అటొకరు ఇటొకరు. రికార్డులో ఖరీదు 12 పెన్నీలని రాసిన బాకు, కుడికంటి పైన రెండంగుళాల లోతు గాయం. 16 మంది జ్యూరీ ఆత్మరక్షణే అని తేల్చింది, నెల తిరక్కుండానే ఫ్రైజర్‌కి రాణి క్షమాభిక్ష దొరికింది.

ఈ విచారణ పత్రం 1925లో గానీ అచ్చులోకి రాలేదు. అయితే చూసినవాళ్లలో ఒకడు రాబర్ట్ పోలీ, ఎలిజబెత్ రాణిని చంపాలని పన్నిన బాబింగ్టన్ కుట్రలో కుట్రదారులను నమ్మించి మోసం చేసిన ప్రభుత్వ వేగు. అతని సాక్ష్యాన్ని ఎంత నమ్మాలి? నా నవలకి దారి దొరికింది ఇక్కడే.

అపోహ: మార్లో గూఢచారి అని రుజువైపోయింది.

వాస్తవం: పూర్తిగా కాదు. 1587లో కేంబ్రిడ్జ్ వాళ్లు ఎంఏ డిగ్రీ ఇవ్వడానికి వెనకాడితే, రాణిగారికి మంచి సేవ చేశాడంటూ ఆమె సలహామండలి అయిన ప్రీవీ కౌన్సిల్ ఉత్తరం రాసింది. ఏం సేవో అందులో లేదు. కాలేజీ వంటశాల పద్దుల్లో మాత్రం అతను వారాల తరబడి కనిపించడు. వేగు పని చేసి ఉంటాడనే నా అనుమానం, కానీ అనుమానాన్ని పాత్రల నోట పలికిస్తాను తప్ప నేను ప్రకటించను.

అపోహ: చావలేదు, షేక్‌స్పియర్ పేరుతో రాశాడు.

వాస్తవం: మార్లో బతికుండగానే, 1592లో, నాటకాలు రాయబోయిన నటుడంటూ షేక్‌స్పియర్‌ని ఎత్తిపొడిచిన కరపత్రం వచ్చింది, అంటే అప్పటికే షేక్‌స్పియర్ వేరే మనిషిగా రాస్తున్నాడు. దీని మీద ఇంకో వాక్యం దండగ.

అపోహ: మార్లో బొమ్మగా అందరూ చూపించే ఆ ప్రసిద్ధ చిత్రం అతనిదే.

వాస్తవం: దాని మీద 1585, వయసు 21 అని ఉంది, పేరు లేదు. వయసు సరిపోతుంది, అంతే. నా నవల అట్ట మీద అదే బొమ్మ వేస్తామన్నారు ప్రచురణకర్తలు, సరేనన్నాను. లోపల ‘మార్లోదని భావిస్తున్న చిత్రం’ అని అచ్చేయమన్నాను.