రుబ్బురోలు నుంచి పిండి ప్యాకెట్ దాకా

ఫ్రిజ్‌లో ఇడ్లీ పిండి ప్యాకెట్ కనిపించగానే "పప్పు నానబోసుకునే తీరిక కూడా లేదా అమ్మా" అని నిట్టూర్చే పెద్దవాళ్ళు ఇప్పటికీ చాలా ఇళ్ళలో ఉన్నారు. వాళ్ళకి వచ్చే జవాబు కూడా తెలిసిందే: "ఏడున్నరకి బస్సెక్కాలి అత్తయ్యా, ఎప్పుడు రుబ్బమంటారు?" ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. అయితే సైన్సు వైపు నుంచి చూస్తే అడగాల్సింది ఇంకొకటి ఉంది. సౌకర్యం కోసం మనం వదిలేసిన పని, ఊరికే చేతులు నొప్పెట్టే పనా, లేక ఆ తిండికి రుచీ సత్తువా తెచ్చే పనా? మొదటి రకం పని ఎంత తొందరగా వదిలితే అంత మంచిదని నేను గట్టిగా నమ్ముతాను. రెండో రకాన్ని మాత్రం వదులుకోకూడదు.

మనవాళ్ళకి ఈ విషయంలో పెద్ద దెబ్బ ప్యాకెట్లు రాకముందే, బియ్యం దగ్గర తగిలింది. వడ్లని రోట్లో పోసి రోకళ్ళతో దంచుకున్నన్నాళ్ళూ గింజ మీద తవుడు పొర కొంత మిగిలేది. బి1 విటమిన్, అంటే థయమిన్, ఎక్కువగా ఉండేది ఆ పొరలోనూ గింజ మొలకలోనూ. మరలు వచ్చాక దంపుడు బాధ తప్పింది, అన్నం తెల్లగా వచ్చింది, ఆ పొర కాస్తా తవుడుగా పశువుల గాబుల్లోకి పోయింది. అప్పట్లో ఉత్తర సర్కార్లు అని పిలిచిన మన కోస్తా జిల్లాలు బెరిబెరి జబ్బుకి పేరుపడ్డాయి. కాళ్ళు తిమ్మిరెక్కడం, ఒళ్ళు వాయడం, ముదిరితే గుండె దెబ్బతిని ప్రాణం పోవడం దాని లక్షణాలు. 1920ల్లో నీలగిరి కొండల్లోని కూనూరు ప్రయోగశాలలో పోషకాహార పరిశోధకుడు రాబర్ట్ మెక్‌కారిసన్, ఆయన తర్వాత ఎక్రాయిడ్, ఈ జబ్బుకీ తినే బియ్యానికీ ఉన్న సంబంధాన్ని పరిశోధించారు. (ఆ కూనూరు ప్రయోగశాలే 1950ల చివర్లో హైదరాబాద్‌కి మారి, ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ అయింది.) ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాల్లో కూడా వడ్లు మరకే వెళ్ళాయి, కానీ ఈ జబ్బు వాళ్ళని అంతగా బాధించలేదు. వడ్లని ముందే నానబెట్టి ఉడకబెట్టినప్పుడు పై పొరలోని బి1 గింజ లోపలికి ఇంకిపోతుంది, తర్వాత మర ఎంత పాలిష్ పట్టినా అందులో చాలా భాగం గింజలోనే ఉండిపోతుంది. రెండు చోట్లా మర మరే, కష్టం రెండు చోట్లా తగ్గింది. తేడా అంతా ఆ ఉడకబెట్టడంలోనే ఉంది.

ఇడ్లీ కథ కూడా ఇలాంటిదే, కాకపోతే కొంచెం పొడుగు. నాయనమ్మల కాలంలో ఇంటిల్లిపాదికీ సరిపడా పిండి కావాలంటే ఒక చేత్తో పొత్రం తిప్పుతూ, ఇంకో చేత్తో పిండిని గుంటలోకి తోస్తూ చాలాసేపు కూర్చోవాలి, భుజాలు పడిపోయేవి. ఆ తర్వాత కట్టెల పొయ్యి, దాని పొగ. జీవితంలో చుట్టా బీడీ ముట్టని ఆడవాళ్ళకి ఊపిరితిత్తుల జబ్బులు రావడానికి వంటింటి పొగ పెద్ద కారణం. ఆ రోజుల్లో తిండి ఎంత బాగుండేదో అని చెప్పుకునేటప్పుడు ఈ సంగతి కూడా కలిపి చెప్పుకోవాలి, లేకపోతే వాళ్ళ కష్టానికి అన్యాయం చేసినట్టే.

1950ల్లో కోయంబత్తూరులో కరెంటు వెట్ గ్రైండర్ పుట్టింది. రాయి అలాగే ఉంది, తిప్పే చెయ్యి మాత్రం మారింది. నా దృష్టిలో దక్షిణాది వంటింట్లోకి వచ్చిన యంత్రాల్లో ఇంత మంచిది ఇంకోటి లేదు. మిక్సీలో బ్లేడు వేగానికి పిండి వేడెక్కుతుంది, అందుకే చన్నీళ్ళో ఐసు ముక్కలో వెయ్యమంటారు. రాయి నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి పిండి పెద్దగా వేడెక్కదు, పైగా గాలి బాగా కలిసి నురగలా పొంగుతుంది.

ఆ నురగే అసలు కిటుకు. మినప్పప్పులో ఒక జిగురు ఉంటుంది, నానిన పప్పు చేతికి జారుతూ తగిలేది అదే, దాని పేరు అరబినోగలాక్టన్. దాంతోపాటు గ్లోబ్యులిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. ఈ ప్రోటీన్ బుడగ చుట్టూ పొరలా ఏర్పడితే, జిగురు ఆ బుడగ పగలకుండా నిలబెడుతుంది. మైసూరులోని కేంద్ర ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ శాస్త్రవేత్తలు 1970ల్లో ఈ జోడీ సంగతి తేల్చారు. పెసరపప్పుతోనో శనగపప్పుతోనో ఇడ్లీ వేస్తే మినపపిండి అంత మెత్తగా రాకపోవడానికి ఇదే కారణం.

బుడగలు నింపేది ఎవరంటే సూక్ష్మజీవులు. వాటిలో ముఖ్యమైనది ల్యూకోనోస్టాక్ మెసెంటెరాయిడిస్ అనే బ్యాక్టీరియా. ఇది చక్కెరని తిని ఒకేసారి రెండు పనులు చేస్తుంది: లాక్టిక్ ఆమ్లం తయారుచేసి పులుపునిస్తుంది, కార్బన్ డయాక్సైడ్ వదిలి పిండిని పొంగిస్తుంది. దీన్ని మనం ఎక్కడినుంచీ తెచ్చి వెయ్యక్కర్లేదు, పప్పునీ బియ్యాన్నీ అంటిపెట్టుకునే వస్తుంది. చేత్తో కలిపితేనే పులుస్తుందని మన ఇళ్ళలో గట్టి నమ్మకం ఉంది కానీ, గరిటెతో కలిపినా పులుస్తుంది. 30 డిగ్రీల ప్రాంతంలో రాత్రంతా వదిలేస్తే పిండి ఇంచుమించు రెట్టింపవుతుంది. ఈలోపు ఇంకో మేలు కూడా జరుగుతుంది. గింజల్లో ఇనుము, జింకులని ఒంటికి పట్టకుండా బిగించి ఉంచే ఫైటిక్ ఆమ్లం తగ్గుతుంది, మినుములో గ్యాస్ పుట్టించే కొన్ని చక్కెరలు కూడా తగ్గుతాయి. జ్వరం తగ్గినవాళ్ళకి మొదట ఇడ్లీ పెట్టే మన అలవాటు వెనక మంచి తర్కమే ఉంది.

ఇప్పుడు ప్యాకెట్ సంగతి. బజార్లో దొరికేవి రెండు రకాలు, వీటిని ఒకే గాటన కట్టడం వల్లే వాదన ఎటూ తేలదు.

మొదటిది తడి పిండి. మన అపార్ట్‌మెంట్ కింద గ్రైండర్ పెట్టుకుని కిలోల లెక్కన అమ్మే ఆవిడ పిండైనా, బెంగళూరులో 2005లో మొదలై దేశమంతా పాకిన ఐడీ ఫ్రెష్ లాంటి కంపెనీల ప్యాకెట్ అయినా ఈ రకమే. బియ్యం, మినప్పప్పు, నీళ్ళు, మహా అయితే కాసిని మెంతులు. బ్యాక్టీరియా బతికే ఉంటుంది, చల్లదనానికి మందగిస్తుంది అంతే. ప్యాకెట్ ఉబ్బిందంటే లోపల పులియడం ఇంకా సాగుతోందని అర్థం. ఇక్కడ పోయింది రుబ్బే శ్రమ మాత్రమే. అసలు మన ఆంధ్రా ఇళ్ళలో బియ్యం రుబ్బడం మానేసి ఎన్నో ఏళ్ళయింది, ఇడ్లీ రవ్వ కొట్లోంచే తెచ్చుకుంటున్నాం, దాన్ని ఎవరూ తప్పు పట్టలేదు. మరి పిండి కొనుక్కునే కోడల్ని తప్పు పట్టడానికి కారణం నాకైతే కనిపించదు.

రెండోది పొడి మిక్స్. వీటికీ చరిత్ర ఉంది: రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో బియ్యం కరువై బెంగళూరు ఎంటీఆర్ హోటల్ బొంబాయి రవ్వతో రవ్వ ఇడ్లీ చేసిందంటారు, 1963లో పుణెలో మొదలైన గిట్స్ కంపెనీ మిక్స్‌లని ఇంటింటికీ చేర్చింది. వీటిలో చాలావాటిలో పులియడం ఉండదు. వంటసోడా, సిట్రిక్ ఆమ్లం కలిసి నీళ్ళు తగలగానే గ్యాస్ వదులుతాయి, పిండి పది నిమిషాల్లో పొంగుతుంది. ఇడ్లీ ఆకారం వస్తుంది, పులుపూ వస్తుంది, కానీ రాత్రంతా సూక్ష్మజీవులు చేసే పని అందులో జరగలేదు. పైగా సోడియం పెరుగుతుంది. ఒక టీస్పూన్ వంటసోడాలో 1,200 మిల్లీగ్రాముల పైన సోడియం ఉంటుంది, రోజంతటికీ కలిపి 2,000 దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ప్రయాణాల్లో, హాస్టల్ గదుల్లో, ఒంట్లో బాగాలేని రోజున మిక్స్ వాడుకుంటే నష్టమేం లేదు. వారంలో ఐదు రోజులు అదే అయితే మాత్రం ఆలోచించాలి.

ఈ తేడానే బ్రెజిల్‌లో పోషకాహార పరిశోధకుడు కార్లోస్ మొంటేరో బృందం 2009 నుంచి 'నోవా' అనే వర్గీకరణతో చెబుతోంది. ఇందులో చిట్టచివరి వర్గం అల్ట్రా ప్రాసెస్డ్: మామూలు వంటింట్లో ఉండని ఎమల్సిఫైయర్లు (నూనె, నీళ్ళు విడిపోకుండా కలిపి ఉంచేవి), కృత్రిమ రుచులు, రంగులు కలిపి ఫ్యాక్టరీలో తయారయ్యే తిండి. దీనిమీద అమెరికాలో కెవిన్ హాల్ అనే పరిశోధకుడు 2019లో ఒక చక్కటి ప్రయోగం ప్రచురించాడు. 20 మందిని ఆస్పత్రిలోనే ఉంచి రెండు వారాలు ఇలాంటి తిండి, రెండు వారాలు మామూలు వంట పెట్టారు. వడ్డించినదాంట్లో కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు రెండువైపులా సమానం, ఎంత తినాలన్నది వాళ్ళిష్టం. ఫ్యాక్టరీ తిండి పెట్టిన రోజుల్లో వాళ్ళు రోజుకి 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, తొందర తొందరగా తిన్నారు, రెండు వారాల్లో కిలోకి దగ్గరగా బరువు పెరిగారు. నూడుల్స్, చిప్స్, క్రీమ్ బిస్కెట్ల విషయంలో నాకు భయం వేసేది ఇందుకే. తడి పిండి ప్యాకెట్‌ని వాటి పక్కన నిలబెట్టకూడదు.

కర్రీ పాయింట్లు ఇంకో రకం. ఇంట్లో అన్నం వండుకుని, సందు చివర కర్రీ పాయింట్‌లో పప్పూ, వేపుడూ, సాంబారూ తెచ్చుకోవడం హైదరాబాద్, విజయవాడల్లో మామూలైపోయింది. అది కూడా ఎవరో పొయ్యి మీద వండినదే, ఫ్యాక్టరీ సరుకు కాదు. చిక్కల్లా నూనె, ఉప్పు ఎంత పడ్డాయో, ఆ నూనె ఎన్నిసార్లు కాగిందో మనకి కనబడకపోవడం, ఇంకా మరిగే సాంబారుని పల్చటి ప్లాస్టిక్ కవర్లో పొయ్యడం. స్టీలు డబ్బా పట్టుకెళ్తే కవరు బాధైనా పోతుంది.

ఇంట్లో వండుకోండి అని సలహా ఇచ్చేవాళ్ళు 2019లో కేంద్రం చేయించిన టైమ్ యూజ్ సర్వే ఒకసారి చూడాలి. ఇంటిపని చేసే ఆడవాళ్ళు అప్పట్లో దానికి రోజుకి 299 నిమిషాలు పెట్టారు, చేసే మగవాళ్ళు 97. అసలు ఏదో ఒక ఇంటిపని ముట్టుకున్న మగవాళ్ళే నలుగురిలో ఒకరు. ఈ లెక్క మారకుండా "అన్నీ ఇంట్లోనే" అంటే ఆ బరువు ఎవరి నెత్తిన పడుతుందో చెప్పక్కర్లేదు. పప్పు నానబొయ్యడం, గ్రైండర్ ఎత్తి కడగడం ఎవరైనా చెయ్యగలిగిన పనులు.

ప్యాకెట్ కొనేవాళ్ళు వెనక ఉన్న పదార్థాల పట్టీ చదవండి. సోడా, సిట్రిక్ ఆమ్లం లేకుండా పప్పూ బియ్యం మాత్రమే ఉంటే, కాస్త పిండి గిన్నెలో వేసి రెండు మూడు గంటలు బయట పెట్టి చూడండి. బుడగలొచ్చి పైకి లేస్తోందంటే బ్యాక్టీరియా చురుగ్గా ఉన్నట్టే, పులుపు చాలకపోతే ఇంకాసేపు వదిలెయ్యండి. అమెరికాలో చలికాలంలో పిండి పులియడం లేదని వాపోయే మన పిల్లలు ఓవెన్ వెలిగించకుండా లోపలి లైటు మాత్రం వేసి, గిన్నెని అందులో రాత్రంతా ఉంచుతున్నారు. ఆ లైటు వేడికి పిండి మన ఊళ్ళోలాగే పొంగుతుంది.