ఎలకకి పనిచేసిన మందు మనిషికెందుకు పనిచేయలా

మా పెదనాయన తెల్లారుజామున బీడీ వెలిగించబోతే అగ్గిపుల్ల జారిపోయింది, ఇంకోటి తీస్తే అదీ జారింది, అప్పటికిగానీ పక్షవాతమొచ్చి చెయ్యి పడిపోయిందని తెలీలా. ఉదయగిరిలో బండి మాట్లాడుకొని నెల్లూరు చేరేసరికి ఐదు గంటలు దాటింది, మెదడు నాళంలో అడ్డంపడ్డ రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటలే టైమంట, అయిపోయిందన్నారు. ఇంటికి పంపేటప్పుడు సిటికోలిన్ మాత్రలు రాశారు. ఏందివి అంటే మెదడుకి బలం అన్నాడు మందుల షాపబ్బాయి.

ఈ బలం వెనక దగ్గర దగ్గర యాభై ఏళ్ల కథుంది. 1970ల్లో లండన్‌లో బబూన్ కోతుల మీద పరీక్షలు చేస్తే తేలిందేందంటే, మెదడులో రక్తం ఆగినచోట నడిమి భాగం గబగబా చచ్చిపోయినా చుట్టూ ఉన్నది వెంటనే చావదు, పని మానేసి పడుంటదంతే, నీళ్లందక వాడిన నారుమడి లాగా, తడి తగిల్తే మళ్లీ లేస్తది. దానికి పెనంబ్రా అని పేరు పెట్టారు. తర్వాత, ఆక్సిజన్ అందని కణాల్లోంచి గ్లూటమేట్ అనే రసాయనం పొంగి పక్క కణాల్లోకి కాల్షియం తోసి వాటినీ చంపుద్దని అర్థమైంది, ఇంకేముంది, దాన్నాపితే చాలని ల్యాబులన్నీ ఎగబడ్డాయి. 2006లో లెక్కేస్తే 1,026 రకాల చికిత్సలు, అందులో 114 మనుషులదాకా వచ్చాయి, ప్రపంచమంతా ఒప్పుకున్నది మాత్రం ఒక్కటీ లేదు. ఎన్ఎక్స్‌వై-059 అనే మందు 2006లో మొదటి పెద్ద ట్రయల్‌లో ఆశ పెట్టి, 2007లో రెండోదాంట్లో తుస్సుమంది.

మరి ఈ మందులు ఎలకల్లో ఎట్టా పనిచేశాయంటారా, ఆ ఎలక వయసులో ఉంటది, షుగరూ బీపీ ఉండవు, మెదడు రక్తనాళంలోకి సన్నటి దారం దూర్చి మూస్తారు, గడియారం చూసుకొని మందిస్తారు, టైం కాగానే దారం లాగేస్తారు. మా పెదనాయనకి దారం లాగేదెవరు?

సరే, టైమే అడ్డమైతే అంబులెన్స్‌లోనే ఇద్దామని లాస్ ఏంజెలస్‌లో 1,700 మందికి మెగ్నీషియంతో ట్రయల్ చేశారు, నలుగురిలో ముగ్గురికి గంటలోపే మందు పడింది, అయినా 2015లో రిజల్టు సున్నా. అదే ఏడు రక్తనాళంలోకి కాథెటర్ అనే సన్నటి గొట్టం పంపి గడ్డ లాగేసే పద్ధతి పనిచేస్తదని వరసగా ట్రయల్సులో రుజువైంది, అంటే మనుషుల్లోనూ దారం లాగినట్టే కదా, మళ్లీ ఆశలు లేచాయి. 2020లో నెరినెటైడ్ అనే మందుని 1,105 మందిలో చూశారు, మొత్తం మీద లాభం కనపడలా, గడ్డ కరిగించే మందే దీన్ని ముక్కలు చేస్తందని తేలింది. సరేనని ఆ మందు పడనోళ్లనే ఎంచుకొని మళ్లీ చేశారు, అదీ నిలవలా.

సిటికోలిన్ సంగతీ 2012లోనే తేలిపోయింది, యూరప్‌లో 2,298 మంది మీద చూసి ఉపయోగం లేదని మధ్యలోనే ఆపేశారు. ఇదంతా చదివాక కూడా మా పెద్దమ్మకి చెప్పలా నేను, పొద్దున్నే పాలగ్లాసుతో పాటు ఆ మాత్ర ఇస్తానే ఉంది.