వెన్ను సర్దితే బిడ్డ వేళకు పాకుతుందా? మొదటి ఏడాది కదలికలపై అపోహలు – వాస్తవాలు

పసిపిల్లల ఫిజియోథెరపీ కోసం వచ్చే తల్లిదండ్రుల నోట ఈ మధ్య తరచుగా ఒక మాట వినిపిస్తోంది. పుట్టేటప్పుడు బిడ్డ మెడ దగ్గర పూస కొద్దిగా పక్కకు జరిగిందని, అందుకే ఆరు నెలలు నిండినా బోర్లా పడటం లేదని, వెన్నుపూసలను చేతులతో నొక్కి సర్దే కైరోప్రాక్టర్ చేత నాలుగైదు సార్లు సర్దిస్తే అన్నీ వాటంతట అవే వస్తాయని వారు ఎక్కడో విని వస్తారు. ఎవరు చెప్పారని అడిగితే వీడియోలో చూశామని కొందరు, తెలిసినవారి బిడ్డకు అలాగే నయమైందని మరికొందరు అంటారు. బిడ్డ తోటిపిల్లల కంటే వెనకబడిందేమోనన్న దిగులుతో నిద్రపట్టని తల్లి ఏ ఆసరా దొరికినా పట్టుకుంటుంది. అందులో ఆమె తప్పేమీ లేదు. బిడ్డను చూడకుండానే పూస జరిగిందని తేల్చేసేవారి విషయంలో మాత్రం నాకు ఓపిక లేదు.

అపోహ: వెన్నుపూసలు సరైన చోట లేకపోవడం వల్లే కదలికలు ఆలస్యమవుతాయి, వాటిని సర్దితే మెడ నిలపడం, కూర్చోవడం, పాకడం వేళకు వస్తాయి.

వాస్తవం: అన్నింటిలోకి ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే కాబట్టి దీని గురించే ఎక్కువ చెప్పాలి. 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో డి.డి. పామర్ కైరోప్రాక్టిక్‌ను ప్రారంభించినప్పుడు, పూసలు స్థానం తప్పి నరాలకు అడ్డుపడటమే దాదాపు అన్ని జబ్బులకూ మూలమని భావించారు. ఆ వృత్తిలో దానినే సబ్‌లక్సేషన్ అంటారు. ఎముకల వైద్యులు ఎక్స్‌రేలో చూసి చెప్పే కీలు జారడానికీ దీనికీ పేరు ఒకటే గాని విషయం వేరు. ఈ భావన చారిత్రకమైనదే తప్ప, అది వ్యాధులకు కారణమని చెప్పడానికి పరిశోధనల ఆధారం లేదని బ్రిటన్‌లో ఆ వృత్తిని నియంత్రించే జనరల్ కైరోప్రాక్టిక్ కౌన్సిలే 2010లో ప్రకటించింది. పైగా పసిబిడ్డ వెన్నెముకలో చాలా భాగం ఇంకా మృదులాస్థిగానే ఉంటుంది, అది ఎక్స్‌రేలో కనిపించదు. ఫిల్ము తీసేటప్పుడు బిడ్డ తల కాస్త తిప్పినా నీడలు వంకరగా పడతాయి. పుట్టినప్పుడు వెన్ను మొత్తం ఒకే వంపుగా ఉండి, మెడ నిలిపే కొద్దీ మెడ వంపు, కూర్చుని నిలబడే కొద్దీ నడుము వంపు ఏర్పడతాయి. కదలికలే వెన్నుకు ఆకారం ఇస్తున్న ఈ వయసులో, వెన్నును ముందు తిన్నగా చేస్తే కదలికలు వస్తాయనడం వరుసను తిరగేసి చెప్పడమే.

అయినా "మా బిడ్డకు పనిచేసింది" అనే తల్లిదండ్రులు అబద్ధం చెప్పడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల్లోని ఆరోగ్యవంతులైన పిల్లలను గమనించి 2006లో ప్రకటించిన అంచనాల ప్రకారం, ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నుంచి 9.2 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. సొంతంగా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా మొదలుకావచ్చు. ఆరో నెలలో కూర్చోని బిడ్డకు వారం వారం వెన్ను సర్దించి, ఎనిమిదో నెలలో కూర్చున్నాక ఆ గొప్పను సర్దుబాటుకు కట్టబెడుతున్నాం. ఏమీ చేయకపోయినా ఆ బిడ్డ ఆ నెలలోనే కూర్చునేది. ఇటువంటి బిడ్డకు పోయేది డబ్బూ శ్రమా మాత్రమే. అసలు నష్టం జరిగేది వేరే బిడ్డకు.

మా దగ్గరికి వచ్చిన ఒక ఏడు నెలల బాబు తల్లిదండ్రులు, వాడు అప్పుడే కుడిచేతివాటం చూపిస్తున్నాడని సంబరంగా చెప్పారు. ఎడమ భుజం బిగుసుకుందని, మెడ పూస సర్దితే వదులవుతుందని ఒకరు చెప్పగా అప్పటికి కొన్ని వారాలుగా ఆ చికిత్స నడుస్తోంది. చాప మీద కూర్చోబెట్టి గిలక్కాయను వాడి ఎడమ మోకాలి పక్కన పెట్టాను. ఎడమ చెయ్యి దానికి బెత్తెడు దూరంలోనే ఉన్నా కదలలేదు. కుడిచెయ్యి ఒళ్లంతా తిప్పుకుని అటువైపు వచ్చి దానిని అందుకుంది. కుడిచేతిని మెల్లగా పట్టుకుని ముఖం మీద పలుచని గుడ్డ వేస్తే, ఎడమ చెయ్యి సగం దాకా లేచి ఆగిపోయింది. ఆ పిడికిలిలో బొటనవేలు లోపలికి ముడుచుకుని ఉంది. ఏడాది లోపు పిల్లలకు చేతివాటం ఏర్పడదు. ఒక చేతినే వాడుతున్నారంటే రెండో చేతికి ఏమైందో చూడాలి. ఎమ్మారైలో మెదడు కుడివైపు పుట్టుక సమయం నాటి పాత స్ట్రోక్ ఛాయ బయటపడింది. మంచి చేతికి రోజూ కాసేపు మెత్తని తొడుగు వేసి, బలహీనమైన చేతికి పని కల్పించే శిక్షణ ఆ వారమే మొదలుపెట్టాం. ఈ శిక్షణ మెదడు వేగంగా అల్లుకుంటున్న మొదటి ఏడాదిలోనే ఎక్కువగా ఉపయోగపడుతుంది. ఆ బాబు మెడలో ఏ లోపమూ లేదు.

కదలికల ఆలస్యానికి మూలం మెదడులో, నరాల్లో, కండరాల్లో, తుంటి కీలులో, కొన్నిసార్లు థైరాయిడ్‌లోనో చూపులోనో ఉంటుంది. వీటిలో చాలావాటికి గడువు ఉంది. మెదడుకు కలిగిన హాని వల్ల కదలికలు దెబ్బతినే సెరిబ్రల్ పాల్సీ ముప్పును మూడు నుంచి ఐదు నెలల వయసులో, వెల్లకిలా పడుకున్న బిడ్డ సహజ కదలికలను వీడియో తీసి, శిక్షణ పొందినవారు పరిశీలిస్తే చాలా వరకు పసిగట్టవచ్చు. ఆ వయసు దాటితే ఆ పరీక్ష చేయలేం. తుంటి కీలు జారిన బిడ్డకు, కాళ్లను మడిచి విడదీసి ఉంచే పావ్లిక్ పట్టీలు మొదటి ఆరు నెలల్లో చక్కగా పనిచేస్తాయి. ఆ తర్వాత మత్తుమందు ఇచ్చి కీలును సరిచేయడమో శస్త్రచికిత్సో అవసరం కావచ్చు. స్పైనల్ మస్కులర్ అట్రోఫీ అనే జన్యు జబ్బులో కండరాలను కదిలించే నరకణాలు చనిపోతూ ఉంటాయి; ఇప్పుడున్న మందులు మిగిలినవాటిని కాపాడగలవు గాని పోయినవాటిని తేలేవు. కాళ్లు చాపి కప్పలా పడి ఉండి, ఏడుపు బలహీనంగా ఉండి, ఊపిరి పొట్టతోనే తీసే బిడ్డ విషయంలో వారాలు కూడా లెక్కలోకి వస్తాయి. "ఇంకో నాలుగు సిట్టింగులు చూద్దాం" అన్న మాట ఖరీదు ఇదీ.

అపోహ: సున్నితంగానే నొక్కుతారు కాబట్టి చేయిస్తే పోయేదేమీ లేదు.

వాస్తవం: అందరూ ఒకేలా చేయరన్నది నిజం. కొందరు వేలి కొసతో తాకినంతగానే ఒత్తి, బోర్లా పడుకోబెట్టి ఆడించడం ఎలాగో నేర్పి, అనుమానం వస్తే పిల్లల వైద్యుడి దగ్గరికి పంపుతారు. బిడ్డకు మేలు జరిగితే అది ఆ ఆటల వల్ల జరిగిందని నా అభిప్రాయం. కానీ వేగంగా మెడ తిప్పడం వేరు. శిశువు తల ఒంటితో పోలిస్తే బరువు, మెడ కండరాలు బలహీనం, స్నాయువులు వదులు, మెడ పైభాగపు కీళ్లు చదునుగా ఉంటాయి. తీవ్రమైన హాని అరుదే అయినా వైద్య సాహిత్యంలో నమోదైంది. లోపల బయటపడని కణితి ఉన్న బిడ్డకు ముప్పు మరీ ఎక్కువ. ఆస్ట్రేలియా కైరోప్రాక్టిక్ బోర్డు రెండేళ్లలోపు పిల్లలకు వెన్ను మానిప్యులేషన్ (చేత్తో పూసలను సర్దడం) వద్దని 2019లో తాత్కాలిక విధానం తెచ్చి, మధ్యలో సడలించి, 2024లో మళ్లీ అమల్లో పెట్టింది. మేలు జరుగుతుందన్న రుజువే బలంగా లేనప్పుడు, చిన్న ముప్పును కూడా ఎందుకు నెత్తికెత్తుకోవాలి?

అపోహ: బిడ్డ తల ఒకవైపే తిప్పుతుంటే మెడ ఎముక ఇరుక్కున్నట్టే.

వాస్తవం: చాలాసార్లు అది మెడ పక్క కండరం పొట్టిగా, బిగుతుగా ఉండటమే, తల ఒకవైపు వాలి, గడ్డం రెండోవైపు తిరిగి ఉంటుంది, కొన్నిసార్లు కండరంలో చిన్న గడ్డ చేతికి తగులుతుంది. నేర్పిన పద్ధతిలో మెల్లగా సాగదీయడం, ఎత్తుకునే పక్క మార్చడం, బొమ్మలూ మాటలూ రెండోవైపు నుంచి రావడం దీనికి చికిత్స. మొదటి రెండు మూడు నెలల్లో మొదలుపెడితే త్వరగా సర్దుకుంటుంది, ఆలస్యమైతే నెలలు పడుతుంది. ఇలాంటి పిల్లల్లో తుంటి కీలు లోపం కూడా కొంత ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి తుంటిని తప్పక చూపించాలి.

అపోహ: పాకకుండా నడిస్తే మెదడు ఎదగదు.

వాస్తవం: పైన చెప్పిన అధ్యయనంలోనే 4.3 శాతం ఆరోగ్యవంతులైన పిల్లలు చేతులూ మోకాళ్ల మీద పాకనే లేదు. ఒక కాలిని ఈడుస్తూ పాకుతుంటే మాత్రం చూపించాలి.

అపోహ: వెల్లకిలా పడుకోబెట్టడం వల్ల వెనకబడుతున్నారు, వాకర్‌లో వేస్తే త్వరగా నడుస్తారు.

వాస్తవం: నిద్రలో ఆకస్మిక మరణాల ముప్పు తగ్గేది వెల్లకిలా పడుకోబెట్టడం వల్లే, అందులో రాజీ వద్దు. మేలుకుని ఉన్నప్పుడు, పెద్దల కళ్లెదుట, రోజు మొత్తం మీద కనీసం 30 నిమిషాలు కొంచెం కొంచెంగా బోర్లా పడుకోబెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. వాకర్ నడకను త్వరపెట్టదు, ప్రమాదాలు తెస్తుంది. కెనడా 2004లో దానిని నిషేధించింది.

ఇప్పటికే సర్దుబాట్లు చేయించినవారు బెంబేలెత్తనక్కర లేదు, ఎక్కువమంది పిల్లలకు హాని జరగదు. ఏమేం చేయించారో పిల్లల వైద్యుడికి దాచకుండా చెప్పండి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు వయసును అసలు పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కించండి. నాలుగు నెలలకు మెడ నిలపకపోయినా, ఎప్పుడూ పిడికిళ్లు బిగించే ఉంచినా, తొమ్మిది నెలలకు ఆసరా లేకుండా కూర్చోకపోయినా, ఏడాదిన్నరకు నడవకపోయినా పరీక్ష చేయించండి. వచ్చిన పనిని మరచిపోతున్నా, నిద్ర లేచిన వెంటనే వరుసగా ఉలిక్కిపడినట్టు ముందుకు ముడుచుకుంటున్నా అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా, ఫోన్‌లో వీడియో తీసుకుని అదే రోజు పిల్లల న్యూరాలజిస్టు ఉన్న ఆసుపత్రికి వెళ్లండి.