పెంకుల సందులోంచి వచ్చిన సూర్యుడు

గుంటూరు

బుజ్జికి, చిన్నికి అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో బుజ్జి అడిగింది, "అమ్మమ్మా, నువ్వెప్పుడైనా సూర్యగ్రహణం చూశావా? చూస్తే కళ్ళు పోతాయా?" అని. నేను జవాబు చెప్పేలోపే మీ అమ్మ స్కూల్ వ్యాన్ వచ్చిందని ఫోన్ లాక్కుంది. అయినా అది రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఇద్దరూ కలిసి చదువుకోండి.

1980 ఫిబ్రవరి 16, శనివారం. అప్పుడు నాకు పదేళ్ళు. గుంటూరులోనే, మా నాన్నగారి పెంకుటింట్లో ఉన్నాం. ఆ రోజు చంద్రుడి నీడ కర్ణాటక తీరం దగ్గర మన దేశంలో అడుగుపెట్టి, రాయచూరు మీదుగా, హైదరాబాద్‌కి కాస్త దిగువగా సాగి, ఒరిస్సాలో కోణార్క్ దగ్గర సముద్రంలోకి వెళ్ళిపోయింది. ఆ దారిలో ఉన్నవాళ్ళకి సూర్యుడు పూర్తిగా కనుమరుగయ్యాడు. ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ళ జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ సరిగ్గా ఆ దారిలోనే ఉండటంతో శాస్త్రవేత్తలంతా అక్కడికి చేరారు. మన గుంటూరు ఆ దారికి కొంచెం పక్కన పడింది. సన్నటి అంచు ఒకటి మిగిలింది, అంతే.

మరి మేమేం చేశాం? తలుపులు బిగించుకుని ఇంట్లో కూర్చున్నాం. మధ్యాహ్నం భోజనాలు తొందరగా ముగించారు. మా అమ్మ ఆవకాయ జాడీ మీద, పెరుగు గిన్నె మీద, మంచినీళ్ళ బిందె మీద దర్భలు వేసింది. కిటికీలకి దుప్పట్లు కట్టింది. వీధిలో సైకిల్ బెల్లు కూడా వినపడలేదు. అప్పుడు మా పిన్నికి ఏడో నెల. ఆవిణ్ణి లోపలి గదిలో చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, విడుపు దాకా కదలొద్దన్నారు. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. సాయంత్రం లేవబోతే పాపం కళ్ళు తిరిగి గోడ పట్టుకుంది. ఆ చెయ్యి గోడకి ఎలా వణికిందో నాకింకా కళ్ళకి కట్టినట్టే ఉంది. మా వాళ్ళు ప్రేమతోనే చేశారు, భయంతో చేశారు. కానీ కడుపుతో ఉన్న మనిషిని దాహంతో ఉంచడం తప్పు. ఆకలేస్తే తినాలి, దాహమేస్తే తాగాలి, కదలాలనిపిస్తే కదలాలి. గ్రహణం వల్ల కడుపులో బిడ్డకి ఏమీ కాదు. ఇది మాత్రం మీరు పెద్దయ్యాక కూడా మర్చిపోకండి.

ఇప్పుడు అసలు విషయం. పిన్ని పక్కనే నేనూ పడుకున్నాను. గదంతా చీకటి. పైన రెండు పెంకుల మధ్య చిన్న సందు ఉండేది. రోజూ మధ్యాహ్నం అందులోంచి ఒక వెలుగు చుక్క దిగి, నేల మీద కోలగా పడి, మెల్లగా జరుగుతూ బియ్యం డ్రమ్ము ఎక్కేది. ఆ రోజూ దిగింది. కానీ చుక్కలా లేదు. కొరికిన అప్పచ్చిలా ఉంది. చూస్తూ ఉండగానే ఆ కొరుకుడు పెద్దదైంది. కాసేపటికి తదియనాటి చంద్రవంకంత సన్నబడింది. నేను అరచెయ్యి చాపితే వంక వచ్చి నా చేతిలో పడింది. దాదాపు పాత రూపాయి బిళ్ళంత. వెచ్చగా ఉందేమోనని చూశాను. ఏమీ లేదు. పిన్నిని పిలిచి చూపిస్తే, "చెయ్యి తియ్యవే, గ్రహణం అంటుకుంటుంది!" అంది. భయపడి చెయ్యి లాగేశాను.

ఆ వంక ఏమిటో కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాకా నాకు తెలియలేదు. చీకటి గదిలోకి సన్నటి సందులోంచి వెలుగు వస్తే, ఎదురుగా పడేది ఆ సందు ఆకారం కాదు. బయట ఉన్న దాని బొమ్మ, అదీ తలకిందులుగా. సందు నలుపలకగా ఉన్నా, పగిలిన పెంకులా వంకరగా ఉన్నా, మామూలు రోజుల్లో పడే చుక్క గుండ్రంగానే (ఏటవాలుగా పడితే కోలగా) ఉంటుంది, ఎందుకంటే అది సూర్యుడి బొమ్మ. వేపచెట్టు కింద పడే వెలుగు మచ్చలు చూడండి, అవన్నీ సూర్యుళ్ళే. ఆ రోజు సూర్యుడే వంక అయ్యాడు కాబట్టి నా చేతిలోనూ వంకే పడింది. అంటే తలుపులూ కిటికీలూ మూసుకున్నా గ్రహణం మా ఇంట్లోకి వచ్చి, నా అరచేతిలో కూర్చుని వెళ్ళింది. నేనే వదులుకున్నాను.

ఇంకా బాధ కలిగించేది ఒకటుంది. నేను ముడుచుకుని పడుకున్న ఈ ఊరికే, అంతకు 111 ఏళ్ళ ముందు, గ్రహణం చూడటానికని ఒకాయన ఫ్రాన్స్ నుంచి ఓడెక్కి వచ్చాడు. పేరు జూల్ జాన్సెన్. 1868 ఆగస్టు 18 ఉదయం గుంటూరులో సంపూర్ణ సూర్యగ్రహణం. ఐదు నిమిషాలకి పైగా పగలే చీకటి! వెలుగుని రంగులుగా విడదీసే స్పెక్ట్రోస్కోప్‌ని దూరదర్శినికి బిగించుకుని ఆయన సిద్ధంగా ఉన్నాడు. టెనెంట్ అనే ఇంగ్లీషు ఆఫీసరు కూడా పరికరాలతో ఇదే ఊళ్ళో ఉన్నాడు. మచిలీపట్నంలో మద్రాసు అబ్జర్వేటరీ పోగ్సన్ ఉన్నాడు. సూర్యుడి అంచున లేచే ఎర్రటి జ్వాలలు వేడికి వెలిగే వాయువులని ఆ రంగు గీతలు చెప్పాయి. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడొచ్చునని జాన్సెన్‌కి తట్టింది. మర్నాడు పొద్దున్నే, నిండు సూర్యుడు ఉండగానే, చూశాడు కూడా! ఆ గీతల్లో పసుపు రంగుది ఒకటుంది. సోడియం గీతలకి దగ్గరగా ఉంటుంది కానీ సోడియంది కాదు. భూమ్మీద తెలిసిన ఏ పదార్థానికీ అది సరిపోలేదు. ఇంగ్లండులో లాక్యర్ అనే ఆయన కూడా విడిగా అదే పద్ధతి కనిపెట్టి, ఆ పసుపు గీత కొత్త మూలకానిదని పట్టుబట్టాడు. దానికి పెట్టిన పేరే హీలియం. గ్రీకులో హీలియోస్ అంటే సూర్యుడు. భూమ్మీద అది రామ్సే అనే శాస్త్రవేత్త చేతికి చిక్కింది 1895లో. చిన్నీ, నీ పుట్టినరోజుకి మీ నాన్న తెచ్చే పైకెగిరే బెలూన్లలో ఉండేది అదే.

ఈ జాన్సెన్ ఎలాంటివాడో ఇంకొక్క మాట చెబుతాను. రెండేళ్ళ తర్వాత ఇంకో గ్రహణం వచ్చేసరికి పారిస్‌ని శత్రుసైన్యం చుట్టుముట్టింది. ఆయన బెలూన్ ఎక్కి, సైన్యం తలల మీదుగా తప్పించుకుని, అల్జీరియా చేరాడు. తీరా అక్కడ మబ్బు పట్టింది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

సరే, గ్రహణం ఎందుకొస్తుందో మీ పుస్తకంలో ఉంటుంది. సూర్యుడికీ మనకీ మధ్యకి చంద్రుడు అడ్డం రావడం, అంతే. సూర్యుడి వెడల్పు చంద్రుడి వెడల్పుకి సుమారు 400 రెట్లు. దూరం కూడా సుమారు 400 రెట్లే. అందుకే ఇద్దరూ మన కంటికి ఒకే సైజులో కనిపిస్తారు. ప్రతి అమావాస్యకీ ఎందుకు రాదంటే, చంద్రుడి దారి 5 డిగ్రీలు వాలి ఉంటుంది కాబట్టి ఎక్కువసార్లు పై నుంచో కింద నుంచో తప్పుకుపోతాడు. ఒకే ఊరికి సంపూర్ణ గ్రహణం మళ్ళీ రావాలంటే సగటున 375 ఏళ్ళు పడుతుంది.

ఇక కళ్ళ సంగతి. బుజ్జీ, నీ భయంలో సగం నిజం ఉంది. గ్రహణం రోజు సూర్యుడిలోంచి కొత్త విషమేమీ రాదు. మామూలు రోజున సూర్యుణ్ణి చూడబోతే కన్ను తనంతట తనే మూసుకుంటుంది. గ్రహణమప్పుడు వెలుగు తగ్గి, కన్నార్పకుండా చూడగలుగుతాం. అదే ప్రమాదం. కంటి వెనక రెటీనా కాలుతున్నా నొప్పి తెలియదు, దానికి నొప్పి తెలిపే నరాలు లేవు. ఎక్స్‌రే ఫిల్ములు, మసి పట్టించిన గాజు, నల్ల కళ్ళజోడు, పేడనీళ్ళలో నీడ, ఏదీ వద్దు. గ్రహణం కోసమే చేసిన, ఐఎస్ఓ 12312-2 ముద్ర ఉన్న ఫిల్టర్ కళ్ళద్దాలే వాడాలి, అదీ గీత పడకుండా ఉంటేనే.

రోకలి గురించి కూడా అడుగుతారని తెలుసు. పళ్ళెంలో నీళ్ళు పోసి నిలబెడితే గ్రహణం ఉన్నంతసేపూ పడదంటారు. మా రోకలిని నేను గ్రహణం లేని మంగళవారం నాడు నిలబెట్టాను. నిలబడింది. అడుగు చదునుగా ఉంటే ఏ రోజైనా నిలబడుతుంది. మీరూ చేసి చూడండి, నా మాట మీద నమ్మొద్దు.

2010 జనవరి 15, కనుమ. కనుమ నాడు మినుము తినాలి కదా, వీధిలో అందరూ గారెల పిండి రుబ్బి పెట్టుకుని విడుపు కోసం కూర్చున్నారు. రామేశ్వరం వైపు సూర్యుడు ఉంగరంలా కనిపించాడు, మనకి పాక్షికం. నేను పిండి జల్లెడ తీసుకుని డాబా మీదకెళ్ళి ఎండలో పట్టాను. తెల్లసున్నం గచ్చు మీద వందల వంకలు! ఒక్కో కంతకి ఒక్కో సూర్యుడు. సూర్యుడికి వీపు పెట్టి, తలొంచుకుని గచ్చునే చూశాను కాబట్టి కళ్ళకి ఏ ఇబ్బందీ లేదు. పక్కింటి పిల్లలు పిట్టగోడ మీంచి చూసి ఒక్కొక్కరే వచ్చారు. చివరికి వాళ్ళ నాయనమ్మ కూడా తల మీద కొంగు కప్పుకుని వచ్చి, వంగి, ఒక వంక మీద వేలు పెట్టింది. ఏమీ అనలేదు. చాలాసేపు అలాగే చూసింది. విడిచాక తలస్నానం చేసి మాకు గారెలు పంపింది. ఆ స్నానం నాకేమీ తప్పుగా తోచలేదు, నేనూ చేశాను.

2031 మే 21న కేరళ, తమిళనాడుల మీదుగా వలయ గ్రహణం, అంటే సూర్యుడు ఉంగరంలా కనిపించేది, వస్తుంది. మనకి పాక్షికంగా కనిపిస్తుంది. వేసవి సెలవులే కాబట్టి ఇద్దరూ ఇక్కడికి వచ్చెయ్యండి. మధ్యాహ్నం గచ్చు కాలిపోతుంది, చెప్పులు వేసుకోవాలి. జల్లెడ అటక మీద పాత ట్రంకు పెట్టెలో, కాగితంలో చుట్టి పెట్టాను.

మీ అమ్మమ్మ