కూటంలో అంతసేపు ఎందుకు కూర్చోవాలంటే

మనవళ్లకీ మనవరాళ్లకీ,

మొన్న ఫోన్లో మీరు అడిగింది మంచి ప్రశ్న. పొద్దున ఆరాధన, దాని వెనకే వాక్యం అంటే బైబిలు బోధ, మధ్యాహ్నం సండే స్కూలు, మళ్లీ సాయంత్రం సువార్త కూటం, ఆదివారమంతా ఇలా కూర్చోవాలా అమ్మమ్మా, ఇంట్లో ప్రార్థన చేసుకుంటే దేవుడు వినడా అన్నారు. వింటాడు, అందులో నాకేమీ అనుమానం లేదు. కానీ కూటం అంటే మనమూ దేవుడూ మాత్రమే కాదు, పక్కన కూర్చున్న మనిషి కూడా.

మన నరసాపురం, పాలకొల్లు వైపు బ్రదరన్ సంఘాలకి, అంటే మనలాంటి క్రైస్తవ సహోదరుల సంఘాలకి, పునాది వేసిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ 1836లో ఇంగ్లండు నుంచి వచ్చారు. వాళ్లేమీ పెద్ద చదువుల పాదిరీలు కాదు. బౌడెన్ రాతిపని చేసేవాడు, బీర్ చెప్పులు కుట్టేవాడు. తర్వాత 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలై 1852 దాకా సాగింది కదా, అక్కడ చేరిన వేలమంది కూలీల మధ్య కూడా వాక్యం చెప్పారు. ఒక్కసారి ఆలోచించండి, ఆ రోజుల్లో మన ఊళ్లలో చెప్పులు కుట్టే మనిషి ఎక్కడ కూర్చునేవాడు? పెద్దల అరుగుల మీద కాదు, రచ్చబండ దగ్గర కాదు, గుళ్లో అసలే కాదు. ఊరి బావి దగ్గర దూరంగా నిలబడి, ఎవరైనా నీళ్లు పోస్తే పట్టుకోవాలి. అలాంటి మాల, మాదిగ పేటల నుంచి వచ్చిన మన పెద్దల్ని కూటంలో చాప మీద కూర్చోమన్నారు, ఒకే రొట్టె విరిచి ఇచ్చి, ఒకే గిన్నెలోంచి తాగమన్నారు. వేరే కులాల నుంచి వచ్చిన విశ్వాసులకి అది అంత సులువుగా మింగుడుపడలేదు, అయినా ఆ రొట్టె, గిన్నె పంచుకునే ప్రభువు బల్ల అందరికీ ఒక్కటే. మీకు విసుగనిపించే ఆ కూర్చోవడమే వాళ్లకి దొరికిన మొదటి గౌరవం.

మన ఆరాధనలో మధ్యమధ్య ఎవరూ ఏమీ మాట్లాడని సమయం వస్తుంది కదా, అప్పుడే మీరు కాళ్లు కదుపుతూ గడియారం చూస్తారు. నాకు మాత్రం కూటం మొత్తంలో అదే ఇష్టం. జీతానికి పనిచేసే పాస్టరు మనకి లేరు, ప్రేరణ కలిగిన సహోదరుడు లేచి పాట నంబరు చెబుతాడు, లేదా ప్రార్థిస్తాడు. వారమంతా రొయ్యల చెరువు మీద కాపలా కాసే మనిషి తడబడుతూ ప్రార్థన చేస్తుంటే, కాలేజీలో పాఠాలు చెప్పే ఆయన తల వంచుకుని ఆమెన్ అంటాడు. ఊళ్లో ఇంకెక్కడైనా ఇది చూశారా?

అయితే అంతా బాగుందని నేను చెప్పను. ఆడవాళ్లం ముసుగేసుకుని మౌనంగా కూర్చుంటాం. ముసుగు నాకు బరువు కాదు గానీ, వాక్యం బాగా తెలిసిన ఎంతోమంది అక్కలు నోరు విప్పకుండానే ముసలివాళ్లయిపోవడం నాకు బాధ. మహాసభల్లో మైకు చెవులు పగిలేలా పెడతారు, ఒకే మాటని గంటసేపు తిప్పి తిప్పి చెబుతారు. గట్టిగా అరిస్తే భక్తి ఎక్కువని నేను నమ్మను, మీరూ నమ్మక్కర్లేదు.

నిద్ర వస్తే పాపమని భయపడకండి. బైబిల్లో అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయం చదవండి. త్రోయలో పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తుంటే, కిటికీలో కూర్చున్న ఐతుకు అనే యువకుడు నిద్రమత్తులో మూడో అంతస్తు నుంచి కింద పడిపోయాడు. చనిపోయాడనుకుని ఎత్తారు. పౌలు ఆ పిల్లవాణ్ణి తిట్టలేదు, కిందికి దిగి వెళ్లి కౌగిలించుకుని, ప్రాణముంది, కంగారు పడకండి అన్నాడు. అలాగే మీకు ప్రశ్నలొస్తే విశ్వాసం పోయిందని టెన్షన్ పడొద్దు. కూటంలో కూర్చునే ప్రశ్నించండి. లేచి వెళ్లిపోతే మీ ప్రశ్న వినేవాళ్లు ఎవరుంటారు?

నాకున్న పెద్ద దిగులు ఒకటి చెబుతాను. ఈ మధ్య చాలా సంఘాల్లో ముందు వరుసలో మెత్తటి కుర్చీలు వేసి, కారులో వచ్చినవాళ్లని అక్కడికి నడిపిస్తున్నారు. కూలికి వెళ్లి ఆలస్యంగా వచ్చే అమ్మకి గుమ్మం దగ్గర చోటు. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు ఇచ్చి, పేదవాణ్ణి నా పాదపీఠం దగ్గర కూర్చోమనడం తప్పని యాకోబు తన పత్రిక 2వ అధ్యాయంలో రాశాడు. చాప మీద మొదలైన సంఘానికి ఈ కుర్చీలు ఎందుకో నాకు అర్థం కాదు.

క్రిస్మస్‌కి వచ్చినప్పుడు సంఘ పెద్దల్ని ఇదే అడగండి, మర్యాదగానే, వాక్యం చూపించి. నేను కూడా మీతో వస్తాను.

మీ అమ్మమ్మ