ఫ్రాగీ పోజులో కనపడని చేతులు

మోచేతులు బీన్‌బ్యాగు మీద ఆనించి, అరచేతుల్లో గడ్డం పెట్టుకుని నిద్రపోతున్న పసికందు ఫొటోలు ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపిస్తున్నాయి. న్యూబార్న్ ఫొటోగ్రాఫర్లు దీన్ని ఫ్రాగీ పోజు అంటారు. పద్ధతిగా తీసినప్పుడు ఆ బిడ్డ అలా ఒంటరిగా ఒక్క క్షణం కూడా ఉండదు. అది రెండు ఫొటోల అతుకు.

కెమెరాను కదలకుండా బిగిస్తారు. మొదటి షాట్‌లో సహాయకులు బిడ్డ నడినెత్తిని వేళ్లతో పట్టుకుంటారు. రెండో షాట్‌లో తల వదిలే ముందే ఇంకో చేత్తో మణికట్ల దగ్గర పట్టు తీసుకుంటారు. తర్వాత ఫొటోషాప్‌లో మొదటి దాని కింది సగాన్నీ రెండో దాని పై సగాన్నీ కలిపితే పెద్దవాళ్ల చేతులు మాయమవుతాయి. రెండింటిలోనూ బిడ్డ మీద ఎవరిదో ఒక చెయ్యి ఉండి తీరాలి. "ఒక్క సెకను వదలండి, క్లిక్ కొట్టేస్తా" అనే ఫొటోగ్రాఫర్‌కు ఈ పోజు రానట్టే లెక్క. ఊయల గుడ్డలో వేలాడుతున్నట్టు కనిపించే ఫొటోలూ ఇలా అతికినవే కావాలి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, అప్పుడే పుట్టిన బిడ్డ పొడవులో దాదాపు నాలుగో వంతు తలే. మెడ కండరాలు దాన్ని నిలపలేవు. గాఢనిద్రలో కండరాలు సడలితే తల ముందుకు వాలి గడ్డం ఛాతీకి ఆనుతుంది, మెత్తటి శ్వాసమార్గం నొక్కుకుపోతుంది. ఆ వయసులో శ్వాసనాళం లోపలి వ్యాసం 4–5 మిల్లీమీటర్లే. గొట్టం వ్యాసం సగానికి తగ్గితే గాలికి ఎదురయ్యే నిరోధం, భౌతికశాస్త్ర లెక్క ప్రకారం, 16 రెట్లవుతుంది. అన్నిటికన్నా భయపెట్టేది, ఊపిరాడని పసిబిడ్డ ఏడవలేకపోవడం. గది నిశ్శబ్దంగా ఉంటుంది, అందరూ "ఎంత హాయిగా పడుకుందో" అనుకుంటారు.

అందుకే ఏ పోజులోనైనా గడ్డానికీ ఛాతీకీ మధ్య రెండు వేళ్ల సందు ఉండాలి, ముక్కూ నోరూ కనిపిస్తూ ఉండాలి. నిద్రలో శ్వాస నిమిషానికి 30 నుంచి 60 సార్లు. మధ్యలో కొద్ది సెకన్ల విరామం పసివాళ్లలో మామూలే. అది 20 సెకన్లు దాటినా, పెదవులూ నాలుకా నీలంగా మారినా పోజు విప్పేసి వెంటనే వైద్యసాయం తీసుకోవాలి. చామనఛాయ బిడ్డల్లో ఒంటి మీద నీలిరంగు సరిగా తెలియదు కాబట్టి నాలుక, చిగుళ్లు చూడటమే నమ్మకమైన పద్ధతి. చేతులూ పాదాలూ మాత్రమే ఊదాగా మారితే చలి వేసి ఉండొచ్చు, లేదా మడతలో రక్తం సరిగా ఆడటం లేదు. ఆ మడత విప్పి వెచ్చగా కప్పాలి.

ఈ ముడుచుకునే పోజులకు పుట్టాక 5 నుంచి 14 రోజుల వరకు అనువైన కాలమంటారు, గర్భంలో ముడుచుకున్న అలవాటు ఇంకా పోదు కనుక. మన ఇళ్లలో చాలామంది బారసాల దాకా బిడ్డను బయటకు తీసుకురారు. 21వ రోజున బారసాల అయ్యాక వచ్చిన బిడ్డ కాళ్లు చాచి తన్నుతుంటే బలవంతంగా మడవకూడదు. ర్యాప్ (ఒంటికి చుట్టే మెత్తటి గుడ్డ) చుట్టి వెల్లకిలా తీసిన ఫొటోలే ఆ వయసుకు అందంగా వస్తాయి. ర్యాప్‌లో కాళ్లు చాపి బిగించొద్దు, తుంటి కీలు పక్కకు జరిగే ప్రమాదం ఉంది. మోకాళ్లు కాస్త వంగి, ఎడంగా ఉండేలా వదులుగా చుట్టాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకైతే పోజుల మాట ఎత్తేముందు డాక్టరును అడగాలి.

గది 26–28 డిగ్రీలు ఉంటే చాలు. పసిబిడ్డ మనలా వణికి వేడి పుట్టించుకోలేదు, కానీ వేడి ఎక్కువైనా ముప్పే. చంకలో ఉష్ణోగ్రత 36.5–37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. హీటర్ గాలి గానీ ఏసీ గాలి గానీ నేరుగా తగలకూడదు. ఫొటోలో పొగమంచులా కనబడుతుందని సాంబ్రాణి వేయించే ముచ్చట మానుకోవాలి.

బుట్టలో పెడితే అడుగున 3–4 కిలోల ఇసుక సంచి, దాని మీద మెత్తటి దుప్పటి వేయాలి. చిన్న చప్పుడుకే బిడ్డ ఉలిక్కిపడి చేతులు విసురుతుంది, తేలికపాటి బుట్ట ఒరిగిపోతుంది. బుట్ట నేల మీదే ఉండాలి. వెదురు చేటైతే పేళ్లు లేచాయేమో చేత్తో తడిమి చూసుకోవాలి. పైనుంచి తీసేటప్పుడు కెమెరా పట్టీ ఫొటోగ్రాఫర్ మెడలోనే ఉండాలి. లైట్ స్టాండు కాళ్ల మీద ఇసుక బరువు వేయాలి.

కూర్చోవడం వచ్చాక కృష్ణుడి వేషం మొదలవుతుంది. పూసల దండ తెగితే ఆ పూసలు నేరుగా నోట్లోకే పోతాయి. దండను డ్రెస్‌కే కుట్టించి, మెడ చుట్టూ ఏ దారమూ లేకుండా చూడాలి. కిరీటంలో పిన్నుసూదులు వద్దు. నెమలి ఈక కాడ కంటి వైపు రాకుండా వెనక్కి అతికించాలి.